అవతలి గట్టున ఎర్ర తువ్వాలు

కృష్ణయ్య బాబాయి గొంతు పోయింది వన్స్‌మోర్ల వల్ల. అది రోగమని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. బిరుదనుకున్నాడు. ఆ బొంగురు గొంతు నలుగురికీ వినిపించుకుంటూ జగ్గయ్యపేటంతా తిరిగేవాడు.

"నందిగామలో, తిరుపతిరావుగారి పందిట్లో, ఒక్క పద్యంతోనే తెల్లారిందమ్మాయ్. జనం వదిలితేనా?" అనేవాడు నాతో. మాటకీ మాటకీ మధ్య గాలి బుసకొట్టేది.

వాళ్ళిల్లు, మా ఇల్లు పక్కపక్కనే. మధ్యలో నడుమెత్తు గోడ. ఆయన పగలు దర్జీ, రాత్రి రాజు. పొద్దంతా మిషను మీద ఊళ్ళోవాళ్ళ చొక్కాలు, లాగూలు కుట్టి, దీపాలు పెట్టాక కిరీటం పెట్టుకుని పద్యాలు పాడేవాడు. నాటకంలో పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు. అరిస్తే మళ్ళీ పాడాల్సిందే. చచ్చే పాత్రయినా సరే, లేచి పాడి మళ్ళీ చావాలి. కాదన్నవాడికి పొగరని పేరొస్తుంది. బాబాయి ఏనాడూ కాదనలేదు. నందిగామ పందిట్లో ఆ రాత్రి గడిచాక ఆయన గొంతులో పద్యం పలకలేదు. నాటకం కంపెనీవాళ్ళు ఇంకో రాజును చూసుకున్నారు. జనానికేం, ఆ కొత్త రాజుకీ వన్స్‌మోర్ కొట్టారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మా బాబాయి ఆకులు కూడా పట్టుకోలేదు. అదే మంటలో కూతురి చెయ్యి పెట్టాడు.

ఆ కూతురు ఆదెమ్మ. నా ఈడుది. బొమ్మలాటలు ఆడుకునే వయసులో దానికి ఆట లేదు, పాటే. పొద్దున్నే బాబాయి దాన్ని పాలేటికి తీసుకెళ్ళేవాడు. కూతుర్ని ఇవతలి గట్టున నిలబెట్టి తాను ఏరు దాటి అవతలికి పోయేవాడు. భుజం మీద ఎప్పుడూ ఎర్ర తువ్వాలు. ఇవతల ఇది పద్యం పాడాలి. అవతల ఆయనకి మాట మాటా వినపడితే తువ్వాలు పైకెత్తుతాడు. వినపడకపోతే ఎత్తడు. ఎత్తేదాకా పాడుతూనే ఉండాలి. అదీ దాని బడి.

వేసంగిలో ఏట్లో నీళ్ళు చీలమండ దాటవు కాబట్టి కాస్త నయం. వానాకాలం ఎర్రనీళ్ళు హోరుమని పారుతుంటే ఆ హోరు మీదుగా పాడాలి. ఆయనేమో వంతెన మీంచి అవతలికి పోయి, గొడుగు కింద నిలబడేవాడు. నేను దాని సద్దిమూట పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. తువ్వాలు లేస్తేగానీ మూట విప్పడానికి లేదు.

ఒకరోజు పాట మధ్యలో దాని ముక్కులోంచి రక్తం కారింది. నాకు భయమేసి, "ఆపవే, ఇంత గట్టిగా పాడుతుంటే వినపడకుండా ఎలా ఉంటుంది?" అన్నా.

"వినపడితే ఎత్తుతాడు గదా," అంది. పరికిణీ అంచుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. నాన్న మాట మీద దానికి అంత నమ్మకం.

ఆయన నేర్పిన పద్యాల్లో పెద్దది ద్రౌపది మొర. ఆయన గురువు రాసిచ్చిందట. సభలో పెద్దలందరూ చూస్తూ కూర్చుంటే ద్రౌపది "కృష్ణా!" అని పిలుస్తుంది. ఆ పిలుపు దగ్గర రాగం ఎత్తుకుంటే ఊపిరి ఉన్నంతసేపూ పైపైకి పోవాలి. బాబాయికి ఆ రాగమంటే ప్రాణం. ప్రాణం తనదైతే ఫరవాలేదు.

యాభై మూడులో బెజవాడ ఉత్సవాల్లో ఆదెమ్మ ఆ పద్యం పాడుతుంటే, మద్రాసు సినిమావాళ్ళ దగ్గర హార్మణీ వాయించే ఒకాయన విన్నాడు. అలా మద్రాసు వెళ్ళింది. తోడుగా వాళ్ళమ్మ రత్తమ్మ పిన్ని వెళ్ళింది. బాబాయి కూడా వెళ్ళాడుగానీ, పట్టుమని నెల కూడా ఉండకుండా తిరిగొచ్చేశాడు. "అక్కడ జనమే లేరమ్మాయ్. గది తలుపులేసుకుని గోడలకి పాడతారు," అన్నాడు, వాంతికొచ్చినట్టు మొహం పెట్టి.

మొదటిరోజు ఆదెమ్మ మైకు ముందు నిలబడి అలవాటు ప్రకారం ఏటి అవతలికి పాడిందట. లోపల్నించి రికార్డింగాయన చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చాడట. కోప్పడలేదు పాపం, నవ్వాడు. "ఎవరమ్మా నీకు అంత దూరంలో ఉంది? నీ పక్కన కూర్చున్న మనిషికి చెవిలో చెప్పినట్టు పాడు," అన్నాడట. ఏడిచినంత పనైందట దానికి. చిన్నప్పట్నించీ నేను తప్ప ఎవరూ దాని పక్కన కూర్చుని వినలేదు.

పేరు కూడా మార్చారు. ఆదెమ్మ అంటే రికార్డు మీద బాగోదని ఆదిలక్ష్మి చేశారు. మొదట కోరస్‌లో పాడింది. తర్వాత ఒక సినిమాలో జోలపాట ఇచ్చారు. ఆ తర్వాత రాముడి మీద, అమ్మవారి మీద విడిగా రికార్డులిచ్చింది. ఆ భక్తిపాటలే దాని పేరు ఊరూరా మోసుకెళ్ళాయి. మా ఊళ్ళో పెళ్ళయినా, పేరంటమైనా, గుళ్ళో మేలుకొలుపైనా మైకుసెట్టువాడు ముందు ఆదిలక్ష్మి రికార్డు పెట్టేవాడు. చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని కూనిరాగం తీస్తున్నట్టుండేది ఆ గొంతు. నేను పొయ్యి ముందు కూర్చుని వింటూ ఉంటే, నా కోసమే పాడుతోందనిపించేది. ఊళ్ళో ఎవర్నడిగినా ఆ మాటే అనేవాళ్ళు.

ఒకసారి ఊరికొచ్చినప్పుడు నాతో అంది. "పుష్పా, గొంతుని విసిరెయ్యక్కర్లేదే. వినేవాళ్ళనే దగ్గరికి పిలవొచ్చు. మద్రాసులోనూ మళ్ళీ మళ్ళీ పాడిస్తారనుకో. కానీ అక్కడ తప్పొస్తేనే మళ్ళీ. ఇక్కడ తప్పు రాకపోతేనే మళ్ళీ."

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. గోడ అవతల బాబాయి మిషను ఆగింది. విన్నాడు.

ఆయనకి కూతురి పేరు కావాలి, కూతురి పాట అక్కర్లేదు. ఎవరైనా "మీ అమ్మాయి రికార్డు విన్నాం కృష్ణయ్యగారూ" అంటే ఛాతీ విరుచుకునేవాడు. ఆ రికార్డే గుడి మీంచి మోగితే మంచం మీద అటు తిరిగి పడుకునేవాడు. "దోమ పాట. మైకు తీసేస్తే గుమ్మం దాటదు," అనేవాడు. నందిగామ తిరుపతిరావుగారు మా ఊరొచ్చినప్పుడల్లా బాబాయి కొట్టు ముందు ఆగి, సరిగ్గా అక్కడే గిల్లేవాడు. ఆయనకి పొలాలున్నాయి, నవమి పందిరి పెత్తనముంది, పద్యమంటే చెవి కోసుకుంటాడని పేరుంది. చెవి ఆయనది, కోత ఎవరిదో.

యాభై తొమ్మిది వేసవి ముందు ఆదెమ్మకి పెద్ద అవకాశం వచ్చింది. పౌరాణికం సినిమా. నాయిక పాటలన్నీ ఒక్క ఆదిలక్ష్మే పాడాలని సంగీత దర్శకుడు పట్టుబట్టాడు. నవమి వెళ్ళాక రికార్డింగు. అది పాడితే ఇక వెనక్కి చూసుకునే పని లేదు. సరిగ్గా అప్పుడే గొంతు పట్టేయడం మొదలైంది. డాక్టరు అద్దం పెట్టి చూసి, గొంతునరం మీద కాయ కాసిందన్నాడు. జొన్నగింజంత. చిన్నప్పుడు గొంతు చించుకున్నందువల్లే అన్నాడు. మైకు ముందు మెల్లగా పాడుకుంటే ఏమీ కాదు, నెమ్మదిగా అదే కరుగుతుంది, కానీ అరిస్తే మాత్రం చిట్లుతుంది, చిట్లితే ఇక పాట ఉండదు అని చెప్పి పంపాడు.

ఇక్కడ మా బాబాయి ఏం చేశాడో చూడండి. కూతుర్ని ఒక్క మాట అడక్కుండా తిరుపతిరావుగారికి మాటిచ్చేశాడు. శ్రీరామనవమికి నందిగామ పందిట్లో ఆదిలక్ష్మి పాట కచేరీ అని కరపత్రాలు అచ్చయ్యాయి. ఆ తర్వాత మద్రాసుకి కబురు పెట్టాడు.

రానంటే సరిపోయేది. వచ్చింది. ఎందుకొచ్చావే అని నేను తిట్టా.

"నాన్న ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలే," అంది. "మెల్లగా పాడినా వినపడుతుందని ఆయనకి తెలియాలి. ఆయన ఒక్కసారి బాగుందంటే చాలు నాకు."

వచ్చిన రోజే తండ్రిని కూర్చోబెట్టి అంతా చెప్పింది. గొంతులో కాయ సంగతి, డాక్టరు మాట, రికార్డింగు సంగతి. నేను అక్కడే ఉన్నా, రత్తమ్మ పిన్నీ ఉంది. మైకు ఉండాలి, రికార్డు పాటలే పాడతాను, పద్యం పాడను, వన్స్‌మోర్లు ఒప్పుకోను అని వేళ్ళు మడిచి చెప్పింది. బాబాయి అంతా విని తల ఊపాడు. కూతురి నెత్తిన చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు," అన్నాడు. ఆ ఒట్టు తప్పితే ఎవరికి తగులుతుందో మా వైపు పాలుతాగే పిల్లకి కూడా తెలుసు.

నవమినాడు ఎండ చల్లబడ్డాక పందిరి నిండింది. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. వడపప్పు, పానకం పంచిపెడుతున్నారు. పిన్ని ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకుని స్టేజీ పక్కన కూర్చుంది. నేను ముందు వరసలో. మైకుసెట్టు ప్రేమదాసుది. కారు బ్యాటరీ, పెట్టె, కొయ్యలకి కట్టిన రెండు గొట్టాలు. మైకుని ఆదెమ్మ నోటి ఎత్తుకి సరిచేస్తూ, "అమ్మా, మీ రాముడి రికార్డు నా దగ్గర అరిగిపోతే మళ్ళీ కొన్నానండి," అన్నాడు. పొద్దున్నే అతనికీ చెప్పి ఉంచింది, గొంతు బాగోలేదు, సౌండు కాస్త ఎక్కువ పెట్టమని.

పాడింది. ఎలా పాడిందో చెప్పడం నా వల్ల కాదు. పిల్లలు ఏడుపు మానారు. పానకం గ్లాసులు చేతుల్లోనే ఉండిపోయాయి. ఒక పాట, ఇంకో పాట. బాబాయి ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. కంటి కొసన నీళ్ళు కూడా చూశా. ఏ దేవుడి ముందు ప్రమాణం చెయ్యమన్నా చేస్తా. ఆయనకి నచ్చింది. ఆదెమ్మ కూడా అది చూసింది, దాని మొహం వెలిగిపోయింది. అక్కడితో పందిరి కూలి మేమందరం చచ్చినా బాగుండేది.

తిరుపతిరావుగారు కుర్చీలోంచి లేచాడు. అందరికీ వినపడేట్టు నవ్వాడు.

"ఏవయ్యా కృష్ణయ్యా! పాట బానే ఉంది. ఇంతకీ ఇది మీ అమ్మాయి గొంతా, ప్రేమదాసు పెట్టె గొంతా?"

మగవాళ్ళ వైపు గొల్లున నవ్వారు. ఆయన ఆదెమ్మ వైపు తిరిగాడు. "మీ నాన్న పాడితే మునేటి గట్టు దాకా పోయేది తల్లీ. నీది ఆ తీగ దాటి వస్తుందా?"

బాబాయి కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళు తుడుచుకున్న తువ్వాలే భుజాన వేసుకుని లేచాడు. నేరుగా బ్యాటరీ దగ్గరికి నడిచాడు.

ప్రేమదాసు అడ్డం నిలబడ్డాడు. "వద్దండీ కృష్ణయ్యగారూ. అమ్మాయిగారికి గొంతు బాగోలేదండీ. నాతో చెప్పారండీ."

"నా కూతురి గొంతు సంగతి నువ్వు చెబుతావా నాకు?" అని అతన్ని పక్కకి నెట్టి తీగ పట్టుకున్నాడు.

"నాన్నా," అంది ఆదెమ్మ మైకులో. ఆ మాట సగం గొట్టాల్లోంచి వచ్చేసరికి తీగ పీకేశాడు.

ఆయన వెనక్కి చూడలేదు. జనం మధ్యలోంచి నడుచుకుంటూ పందిరి చివరిదాకా పోయాడు. పందిరి దాటి, రోడ్డు దాటి, అవతల ఆగి ఉన్న బండి పక్కన నిలబడ్డాడు. నిలబడి ఇటు తిరిగాడు. చేతిలో ఎర్ర తువ్వాలు.

జనానికి అదేంటో తెలియదు. నాకు తెలుసు, దానికి తెలుసు. నేను లేచి, "పాడకే ఆదెమ్మా, దిగొచ్చెయ్," అని అరిచా. వెనకావిడ నా కొంగు పట్టుకుని కూలేసింది. ఆదెమ్మ మమ్మల్నెవర్నీ చూడలేదు. మద్రాసు, డాక్టరు, సినిమా, అన్నీ దాని కళ్ళలోంచి పోయాయి. ఇవతలి గట్టు, అవతలి గట్టు మిగిలాయి. అదీ పెంపకమంటే. ఎద్దుకి ముక్కుతాడు తీసేసినా మనిషి అడుగు వింటే కాడి కిందికి అదే మెడ పెడుతుంది.

లేచి నిలబడి ద్రౌపది మొర ఎత్తుకుంది.

పందిరి దద్దరిల్లింది. నిజం చెప్పాలి, అలాంటి పాట నేను మళ్ళీ వినలేదు. "కృష్ణా!" అన్నప్పుడు రాగం పందిరి ఆకులు దాటి రోడ్డు మీదికి పోయింది. దారినపోయే బస్సు ఆగింది. జనం లేచి నిలబడి, "వన్స్‌మోర్!" అని అరిచారు. అందరికంటే ముందు తిరుపతిరావుగారు అరిచాడు.

ఆదెమ్మ వాళ్ళ అరుపు లెక్కచెయ్యలేదు. వాళ్ళ తలల మీదుగా రోడ్డు అవతలికి చూసింది. తువ్వాలు లేవలేదు.

మళ్ళీ పాడింది. మళ్ళీ వన్స్‌మోర్. తువ్వాలు లేవలేదు. ఇంకోసారి ఎత్తుకునేసరికి గొంతులో జీర వచ్చింది. గుడ్డ చిరుగుతున్నప్పటి చప్పుడు. నా వెనకావిడ మాత్రం కళ్ళొత్తుకుంటూ, "అబ్బ, ఏం జీరే తల్లీ, అచ్చం ద్రౌపదే ఏడుస్తున్నట్టుంది," అంది. ఆ మూఢులకి చిరుగుతున్న గొంతు కరుణరసంలా వినపడింది. ఇంకా గట్టిగా అరిచారు.

చివరిసారి "కృష్ణా" అని నోరు తెరిచింది. రాగం సగం మెట్టు ఎక్కి ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, మెడ నరాలు ఉబ్బే ఉన్నాయి, చప్పుడు మాత్రం రాలేదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసరికి ఎర్రగా తడిసి ఉంది. జనం చప్పట్లు కొట్టారు. పిలిచి పిలిచి ద్రౌపది గొంతు పోవడం ఎంత బాగా అభినయించిందో అని.

అప్పుడు రోడ్డు అవతల ఎర్ర తువ్వాలు లేచింది.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు. మద్రాసులో ఆపరేషన్ చేశారు. కాయ పోయింది, దాంతోపాటే గొంతూ పోయింది. సంగీత దర్శకుడు మంచాయనే, కొన్నాళ్ళు ఆగాడు. తర్వాత ఆ పాటలు ఇంకో అమ్మాయి పాడింది. సినిమా మా ఊరి డేరా టాకీసుకి కూడా వచ్చింది. ఆదెమ్మ వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు, బాబాయి వెళ్ళి చూసొచ్చాడు. "ఆ పిల్ల కూడా దోమే," అన్నాడు.

తల్లీకూతుళ్ళు తిరిగొచ్చేశారు. ఏడాది తిరక్కుండా పిన్ని దిగులుతో పోయింది. బాబాయికి చూపు తగ్గితే ఆదెమ్మ మిషను మీద కూర్చుంది. జాకెట్లు కుట్టేది. మాట్లాడితే గుసగుసే, అదీ ఎదుటివాళ్ళు వంగితేనే వినపడేది. గుడి మీంచి మాత్రం తెల్లారేసరికి ఆదిలక్ష్మి పాట వస్తూనే ఉంది. ఓసారి వత్సవాయి నుంచి పెళ్ళివారు బట్టలు కుట్టించుకోడానికొచ్చారు. "ఆ ఆదిలక్ష్మి ఈవిడేనంటనే!" అని ఒకావిడ మోచేత్తో పొడిస్తే, ఇంకొకావిడ, "ఏదీ, ఒక్క ముక్క పాడమ్మా, పెళ్ళికూతురికి శుభం," అంది. ఆదెమ్మ గుసగుసగా ఏదో అంటే ఆవిడకి వినపడలేదు. "పేరొచ్చాక ఇంత గీరా?" అని మూతి తిప్పుకుపోయింది. ఆదెమ్మ ఆ పెళ్ళికూతురి జాకెట్టు శుభ్రంగా కుట్టిచ్చింది.

బాబాయి మాత్రం ఆ నందిగామ సాయంత్రంతోనే బతికాడు. తన వన్స్‌మోర్ల కథ మానేసి కూతురి కథ చెప్పేవాడు. మైకు పీకేసినా ఎలా పాడిందో, బస్సు ఎలా ఆగిందో. పమిట చెంగు దగ్గరికొచ్చేసరికి గొంతు ఇంకా తగ్గించి, "రక్తం వచ్చినా ఆపలేదు నా తల్లి," అనేవాడు. ఆదెమ్మ ఎదురుగానే కూర్చుని కుట్టుకుంటూ ఉండేది.

అరవై ఆరు నవమికి తిరుపతిరావుగారు బాబాయిని పిలిచి సన్మానం చేశాడు. అదే పందిరి. శాలువా కప్పి, నాలుగు మాటలు చెప్పమన్నాడు. నేనూ ఆదెమ్మా ఆడవాళ్ళలో కూర్చున్నాం. బాబాయి లేచి మైకు కోసం చూశాడు. ప్రేమదాసు మైకు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తమకి మైకెందుకండీ," అన్నాడు చేతులు జోడించి. "మైకు లేకుండా పాడే వంశం కదండీ."

ఆ పూట నాకు కాస్త కడుపు నిండింది.

బాబాయి మైకు లేకుండానే కూతురి కథ ఎత్తుకున్నాడు. ఆ గొంతు మొదటి వరసకే అందదు. వెనకనుంచి, "వినపళ్ళేదు! వన్స్‌మోర్!" అని అరిచారు కుర్రాళ్ళు, ఎకసెక్కంగా. ఆయన మొహం విప్పారింది. మళ్ళీ మొదట్నించీ చెప్పాడు. మళ్ళీ అరిచారు. మళ్ళీ చెప్పాడు. ఉన్న కాస్త గొంతూ అక్కడే ఊడ్చిపెట్టి, ఒళ్ళు కాలిపోతూ ఇంటికొచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం మంచం మీద ఉన్నాడు. శాలువా దండెం మీద వేలాడుతోంది. ఆదెమ్మ మిషను మీద, నేను పక్కన కూర్చుని కాజాలు కుడుతున్నా. అది మిషను ఆపి లేచింది. మంచం దగ్గరికెళ్ళి, ఆయన చెవి మీదికి వంగింది.

"నాన్నా, ఆరోజు నందిగామలో నేను మొదటిసారి పాడినప్పుడు నీకు వినపళ్ళేదా?"

ఇన్నేళ్ళూ అడగలేదు. వినపడలేదనే అనుకుంది కాబోలు. రోడ్డు అవతల, జనం గోల, పాపం నాన్నకి వినపడలేదు అని.

బాబాయి నవ్వాడు. "వినపడకపోవడమేంటే పిచ్చిదానా. మొదటి ముక్కకే వినపడింది."

"మరి తువ్వాలెందుకెత్తలా?"

"ఎత్తితే ఆపేస్తావు గదే."

ఆదెమ్మ ఇంకాస్త వంగింది. "పాలేటి దగ్గర?"

"అక్కడా అంతే. నీది మామూలు గొంతా? ఎప్పుడూ మొదటిసారే వినపడేది." ఆ మాట ఆయన ఎంతో మురిపెంగా అన్నాడు. బిడ్డని మెచ్చుకుంటున్నాననుకున్నాడు.

ఆదెమ్మ వచ్చి మిషను ముందు కూర్చుంది. గుడ్డ సర్దుకుంది గానీ తొక్కలేదు. నాకు సూది వేలికి గుచ్చుకుంది.

కాసేపటికి మంచం మీంచి, "ఆదెమ్మా, మంచినీళ్ళు," అన్నాడు బాబాయి. జ్వరానికి నోరెండిపోయి ఉంది. కుండ మూలన ఉంది, దాని మీద గ్లాసు బోర్లించి ఉంది. నేను లేవబోయా. ఆదెమ్మ నా మణికట్టు పట్టుకుంది.

ఆయన మళ్ళీ పిలిచాడు. మిషను ఆగే ఉంది, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, అయినా వినపడలేదనుకున్నాడు. ఇంకాస్త గట్టిగా పిలవబోయాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి నోరు తెరిచాడు. చివరికి తలగడ పక్కన తడుముకుని ఎర్ర తువ్వాలు తీసి, రెండు చేతులతో పైకెత్తాడు.

ఆదెమ్మ దాన్ని చూసింది. నా చెయ్యి వదిలి, సూదిలో దారం ఎక్కించుకుని, మిషను తొక్కడం మొదలుపెట్టింది.

నేనూ లేవలేదు.